కల్లు పన్ను నుంచి గంజాయి కేసు దాకా

మా ఏజెన్సీ మనుషులు జైలుకు వెళ్లడం కొత్త కాదు. 1879లో రంప ఫితూరీ లేవడానికి పెద్ద కారణాల్లో ఒకటి కల్లు. చెట్టు మాది, కుండ మాది. సర్కారు దానిమీద పన్ను వేసి, హక్కు గుత్తేదార్ల చేతిలో పెట్టింది. ఆ మార్చిలో చోడవరం దగ్గర మొదలైన గొడవ మరుసటి ఏడు కూడా సాగింది. 1922-24 పోరాటంలో గాం మల్లుదొర పట్టుబడి అండమాన్ వెళ్లారు. తిరిగొచ్చి 1952లో పార్లమెంటులో కూర్చున్నారు. ఆ జైళ్ల గురించి బడిలో తలెత్తుకుని చెబుతాం.

ఈనాటి జైళ్ల గురించి ఏం చెప్పాలో తోచడం లేదు.

మా దగ్గర చదివిన ఒక కుర్రవాడు కూలికి మూట మోశాడు, ఘాట్‌రోడ్డు దిగేలోగా దొరికాడు. 1985 చట్టంలో గంజాయి 20 కిలోలు దాటితే శిక్ష 10 ఏళ్లకు తగ్గదు, 20 దాకా పోవచ్చు. జరిమానా కనీసం లక్ష. బెయిలు దొరకడమూ కష్టమే. 29వ సెక్షన్ కింద కుట్ర అని పెడితే మోసినవాడికీ మోయించినవాడికీ ఒకటే లెక్క. అయితే మోయించినవాడు మావాడికి ఫోనులో ఒక గొంతు మాత్రమే.

గంజాయి మంచిదని మేము అనం. 2021 చివర పోలీసులు ‘పరివర్తన’ పేరుతో తోటలు కొట్టేశారు. మరుసటి ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. మొక్క కాలింది సరే, పెట్టుబడి పెట్టిన షావుకారు ఎక్కడ? మా తప్పూ ఉంది. పిల్లవాడు వారాల తరబడి బడికి రాకపోతే పోడు పనికి వెళ్లాడనుకుని హాజరుపట్టీ మూసేశాం. చేతిలో కొత్త ఫోను చూసి కూడా అడగలేదు.

తీర్పు రోజు విశాఖ కోర్టుకు మేమూ వెళ్లాం. శిక్ష గురించి చెప్పుకునేది ఉందా అని జడ్జిగారు అడిగారు. “అమ్మ ఒక్కతే అండి” అన్నాడు. పదేళ్లు పడింది. అంతకు తగ్గించే వీలు చట్టం ఆయనకు ఇవ్వలేదు.

తల్లికి కువి తప్ప రాదు. వరండాలో మేమే చెప్పాం. పదేళ్లు అంటే ఊరుకుంది. లక్ష కట్టకపోతే ఇంకొంత కాలం లోపలే ఉండాలి అనేసరికి, ఈ ఏడు పసుపు ధర ఎంత పలుకుతోందని అడిగింది.