యుద్ధకాలపు తెలుగు కరపత్రములు: దాచినవారెవరు?

గ్రంథము దాచుకొనుటకై ముద్రింపబడును. కరపత్రము చదివి పారవేయుటకై ముద్రింపబడును. కావున రెండవ ప్రపంచయుద్ధ కాలమున (1939–1945) తెలుగునాట చేతులు మారిన కరపత్రములలో నేడు పరిశోధకునకు లభించునది స్వల్పము. ఆ స్వల్పమైనను ఎట్లు మిగిలినదను ప్రశ్న తగినంతగా విచారింపబడలేదని మా అభిప్రాయము. దాచినవాడెవడో తెలియనిదే దాచబడిన పత్రముయొక్క సాక్ష్యమునకు విలువ కట్టరాదు.

లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భారతప్రభుత్వముచే నిషేధింపబడిన ప్రచురణల సంచయమొకటి కలదు. తక్కిన భారతీయభాషలతోపాటు తెలుగు ప్రచురణలును అందున్నవి. ఈ నిషిద్ధ వాఙ్మయముపై నార్మన్ జెరాల్డ్ బారియర్ 1974లో ఒక గ్రంథము ప్రకటించెను. గ్రేహం షా, మేరీ లాయిడ్ అనువారు సంచయమునకు 1985లో సూచిని వెలువరించిరి. 1931 నాటి పత్రికల అత్యవసరాధికార చట్టము, యుద్ధారంభమున వచ్చిన 1939 నాటి భారతరక్షణ చట్టము ప్రభుత్వమునకు విస్తృతమైన నిషేధాధికారము నొసగినవి. పట్టుబడిన ప్రతులలో కొన్ని సముద్రము దాటి ఇండియా ఆఫీసు గ్రంథాలయమునకును బ్రిటిషు మ్యూజియమునకును చేరినవి. చదువరి యింట దొరకిన ప్రతి యాతనిని చెరసాలకు పంపగలదు. అదే ప్రతి సర్కారు బీరువాలో నిశ్చింతగా నిలిచినది! ఈ వాఙ్మయమును కాపాడిన కీర్తిలో పెద్దపాలు దానిని అణచినవారికే దక్కుట విచిత్రము.

ఇందులకు ఆంధ్రదేశమున ప్రసిద్ధమైన ఉదాహరణము 1942 జూలై 29 నాటి ‘కర్నూలు సర్క్యులరు’. నిజమునకిది కరపత్రము కాదు. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమువారి రహస్య సూచనపత్రము. బొంబాయిలో ‘క్విట్ ఇండియా’ తీర్మానము ఆగస్టు 8న జరుగుటకు పదిదినములు ముందే యిది సిద్ధమైనది. ఉద్యమమును అంచెలంచెలుగా నడుపుట, టెలిగ్రాఫు తీగలను త్రెంచుట మున్నగునవి ఇందు కలవు. రైలుపట్టాలను తొలగింపరాదనియు, ప్రాణహాని కలుగరాదనియు హెచ్చరికయు కలదు. ఆగస్టు 12న తెనాలిలో రైలు స్టేషను దగ్ధమై, కాల్పులలో ఏడుగురు మరణించిరి. పిమ్మట ప్రభుత్వము 1943లో అలజడులకు కాంగ్రెసే బాధ్యురాలని నిరూపింప నొక పుస్తకము ప్రకటించుచు, ఈ పత్రమును సాక్ష్యముగా చూపినది. గాంధీజీ నిర్బంధమునుండియే 1943 జూలైలో ఆ పుస్తకమునకు దీర్ఘమైన సమాధానము వ్రాసెను. రహస్యముగా నుండవలసిన కాగితము లోకవిదితమగుటకు ప్రతిపక్షమువారి ప్రచారమే కారణమైనది. కాని అభియోగపత్రములో పొదుగబడిన సాక్ష్యమును పరిశోధకుడు అభియోక్త కన్నులతో చదువరాదు. తీగలమాట చూచువాడు ప్రాణహాని వలదన్న మాటను గూడ చూడవలెను.

మరియొక చిక్కు కాలనిర్ణయము. 1867 నాటి ముద్రణ చట్టము ప్రకారము ప్రతి ముద్రితపత్రముపైనను ముద్రాపకుని పేరు, ముద్రణస్థలము ఉండవలసియుండెను. రహస్యపత్రములకు ఆ నియమమెక్కడిది? అట్టిచోట విషయమే తేదీని చెప్పవలెను. విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడినమాట యున్నచో ఆ పత్రము 1942 ఏప్రిల్ 6కు తరువాతిది. కమ్యూనిస్టుల పత్రములు ఇంకను స్పష్టముగా తెలియును. తొలుత వారు దీనిని సామ్రాజ్యవాద యుద్ధమనిరి; 1941 జూన్ 22న జర్మనీ సోవియటు దేశముపై దండెత్తిన కొన్ని మాసములకు ప్రజాయుద్ధమనిరి. 1942 జూలైలో వారి పార్టీపై నిషేధము తొలగినది.

ఇచట మెలకువ అవసరము. నిషేధము తొలగినపిదప ప్రజాయుద్ధమును సమర్థించు పత్రములను ప్రభుత్వము స్వాధీనము చేసికొనుటకు కారణము లేదు. సైన్యమున చేరుడని సర్కారే పంచిన కాగితములను ఎవరు నిషేధింతురు? కావున నిషిద్ధ సంచయమొక్కటే చదివి యుద్ధకాలపు తెలుగువారి అభిప్రాయము నిర్ణయించువాడు, సగము దేశము మాటాడినదానిని విననట్లే.

ఇక తెలంగాణము సంగతి. నేటి సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూరువంటి గ్రామములు ఆనాడు నిజాం రాష్ట్రమున మెదకు జిల్లాలోనివి. బ్రిటిషిండియా చట్టముక్రింద పత్రములు లండను చేరిన మార్గము ఈ గ్రామములది కాదు. ఇచటి రైతునకు యుద్ధమనగా జపాను విమానము కాదు, లెవీ ధాన్యము. నిజాము ఆంగ్లేయుల వైమానిక దళమునకు ధనమిచ్చెను; ఆయన సహాయమునకు గుర్తుగా 152వ స్క్వాడ్రనునకు హైదరాబాదు పేరుండెను. లెవీపై ఆంధ్రమహాసభ ఆందోళన మొనర్చెను. ఆ సభ మొదటి సమావేశము 1930లో మెదకు జిల్లా జోగిపేటలోనే జరిగినదని మరువరాదు. సభ జరుపుటకే ‘గస్తీ నిషాన్ 53’ క్రింద అనుమతి కావలసిన రాష్ట్రములో, గ్రంథాలయమే అనుమానాస్పదమైనచోట, సర్కారునకు గిట్టని కాగితమును గ్రంథాలయాధికారి బీరువాలో ఉంచుట సాహసము. అక్షరాస్యులు మిక్కిలి తక్కువ గనుక, ఒకడు చదువగా పదిమంది వినెడివారు. వినినవారివద్ద కాగితము మిగులదు.

కావున లండను సూచిలో మెదకు గ్రామములు కనబడనంత మాత్రమున అవి మూగవోయినవని చెప్పుట అన్యాయము. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురావస్తుపత్రాగారమున నిజాం ప్రభుత్వపు దస్త్రములు కలవు. అవి మిక్కిలిగా ఉర్దూ, పారసీ భాషలలోనివి. లెవీ, సభలు, పత్రికలు, పోలీసు వ్యవహారములకు సంబంధించిన దస్త్రములలో జప్తుచేసిన కాగితమునో, దాని ఉర్దూ అనువాదమునో వెదకవలసియున్నది. తెలుగు శాఖలలో పరిశోధన చేయు విద్యార్థులకు మేము చెప్పునది: తెలంగాణపు యుద్ధకాల వాఙ్మయమును చేపట్టదలచినవారు ముందుగా ఒక సంవత్సరము ఉర్దూ శికస్తా లిపి నేర్చుకొనుట మేలు.