తరిమెనయు నులియు

తెలుగునాట కొయ్యబొమ్మల పనియందు రెండు మార్గములు గలవు. కొయ్యను ద్రిప్పుచు దానికి నులి నానించి నునుపుచేయుట యొకటి. కొయ్యను నిలిపి యులిని నడపుట రెండవది. మొదటిది యేటికొప్పాకది, రెండవది కొండపల్లిది. రెంటిని 'బొమ్మల'ను నొక్కమాటతోఁ జెప్పి విడుచుట సరికాదు.

కొండపల్లివారు చేయు దశావతారములలో మత్స్యావతారమునకు నడుము క్రిందిభాగము చేఁప. చేఁప యొడలు ప్రక్కల నొక్కినట్లుండును; రెక్కలును తోఁకయు వెలికి సాగును. తరిమెనపైఁ దిరుగు కొయ్యకో, నడుమ నొక యిరుసు, చుట్టును గుండ్రదనము మాత్రమే లభించును. కావున చేఁప యులి సొమ్ము, పిడత తరిమెన సొమ్ము.

ఈ భేదమునకు మూలము కొయ్యయందే యున్నది. కొండపల్లి తెల్లపొణికి తేలికయైనది, మెత్తనిది. అవయవములను వేఱువేఱుగఁ జెక్కి, చింతగింజల పిండియు రంపపుఁబొట్టును గలిపిన మక్కుతో నదికి, సున్నము పూసి, కుంచెతో రంగు వేయుదురు. వరాహనదీతీరమున అనకాపల్లి జిల్లాలోనున్న యేటికొప్పాకలోఁ గుంచెకుఁ బనిలేదు. తిరుగుచున్న యంకుడుకొయ్యకు రంగులక్క నొత్తినచో రాపిడివేఁడికిఁ గరఁగి యది కొయ్యను బట్టుకొనును. పిదప మొగలిరేకుతో మెఱుఁగు పెట్టుదురు. పూర్వము త్రాటితో లాగి త్రిప్పెడి తరిమెనకు నేఁడు విద్యుచ్ఛక్తి తోడైనది. లక్క పట్టు తీరు మాత్రము మాఱలేదు. కుంకుమభరిణెలును, బాలికల యాటవంటకు లక్కపిడతలును దీనివలనఁ బుట్టినవే.

అంకుడునకే తెడ్లపాల యని నామాంతరము. ఆ పేరిలో తెడ్డు వినఁబడుచున్నది. పాలు చెట్టు గాటునుండి కాఱునవి. వృక్షశాస్త్రజ్ఞులు దీనికిఁ బెట్టిన 'రైటియా టింక్టోరియా' యను పేరిలో రెండవమాట రంగునకు సంబంధించినది. దీని యాకులనుండి నీలిరంగు తీయుట గలదు. వంటకును రంగునకును జెందిన యీ పేళ్లు రెండును లక్కపిడతకుఁ జక్కఁగ నొప్పుచున్నవి.

ఇరువదవ శతాబ్దిలో రసాయనపు రంగులు వచ్చి పసుపు, నీలి, జాఫరాగింజలవంటి వర్ణములను వెనుకకు నెట్టినవి. వానిని మరల లక్కలోఁ గలుపు నేర్పును బునరుద్ధరించిన చింతలపాటి వెంకటపతిరాజునకు 2023లోఁ బద్మశ్రీ లభించినది. 2017లో నేటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2025 గణతంత్రదినమున రాష్ట్రశకటము నవియే యలంకరించినవి. ఈ గుర్తింపు పేరును గాచును గాని చెట్టును గాదు. పొణికిపై లక్క యిట్లు పట్టదు. అంకుడును బోఁగొట్టుకొని పొణికితోఁ బని గడపుట పొసఁగదు. రెండును నడవిచెట్లు; రెండును నేఁడు పనివారికి దుర్లభములగుచున్నవి.