మస్కట్ మిద్దె మీద వేన్నీళ్లు

శ్రీనాథుడికి కనకాభిషేకం జరిగిందని మనం చెప్పుకునే ప్రౌఢదేవరాయల కొలువుకు 1443లో హేరాత్ నుంచి ఒక రాయబారి వచ్చాడు. పేరు అబ్దుర్ రజాక్. తైమూర్ కొడుకు షారుఖ్ పంపితే బయల్దేరిన మనిషి. విజయనగరం వైభవం గురించి ఆయన రాసింది మనందరం బడిలోనే చదువుకున్నాం. అక్కడికి చేరకముందు ఆయన పడ్డ పాట్లు మాత్రం చాలామందికి తెలియవు. హోర్ముజ్‌లో ఓడెక్కి 1442లో ఒమన్ తీరాన మస్కట్‌లో దిగాడు. అక్కణ్నుంచి ఖురియాత్‌కి, ఆపైన ఖల్హాత్ పరిసరాలకి వెళ్లాడు. ఓడలు కదిలే అదను దాటిపోవడంతో ఆ తీరంలోనే చిక్కుబడిపోయాడు. జబ్బు చేసింది. వెంట వచ్చిన సోదరుడు అక్కడే కన్నుమూశాడు. ఆ వేసవి గురించి రాస్తూ, ఒరలో ఉన్న కత్తి కూడా కరిగిపోయే ఎండ అన్నాడు.

అలాంటి ఎండ కాసే దేశంలో నీళ్లు కాచుకోవడానికి కరెంటు ఖర్చు పెట్టడమనేది ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది? గీజర్ మార్చాలా, సోలార్ పెట్టించాలా, హీట్ పంప్ కొనాలా అని మస్కట్‌లో ఇల్లున్నవాళ్లు ఇవాళ వేసుకుంటున్న ప్రశ్నలకి సగం జవాబు ఈ చరిత్రలోనే ఉంది.

పాతకాలపు ఒమనీ ఇంటికి కావలసింది చల్లటి నీళ్లు. బహ్లా ఊరి కుమ్మరులు చేసే 'జహ్లా' అనే మట్టికుండను గాలి తగిలేచోట తాడుతో వేలాడదీసేవారు. కుండ చెమర్చి, ఆ తడి ఆరేకొద్దీ లోపలి నీళ్లు చల్లబడేవి. బహ్లాలో కుమ్మరి సారె ఇప్పటికీ తిరుగుతోంది. ఇక వేన్నీళ్లంటారా, కొండల కింద భూమే కాచి ఇచ్చేది. మస్కట్‌కి పడమటి వైపున్న రుస్తాక్‌లో ఐన్ అల్ కస్ఫా అనే ఊట ఉంది. నీళ్లు దాదాపు 45 డిగ్రీల వేడితో వస్తాయి. కీళ్లనొప్పులకి, చర్మవ్యాధులకి మంచివని జనం తరతరాలుగా అక్కడ స్నానాలు చేస్తున్నారు. నఖల్‌లో ఐన్ అల్ తోవారా, మస్కట్ నగరంలోనే బౌషర్ దగ్గర మరో వేడి ఊట ఉన్నాయి.

రుస్తాక్ ఊట దగ్గర నిలబడి చూస్తే ఆ ఊరివాళ్ల తెలివి అర్థమవుతుంది. ఊట నోటి దగ్గర నీళ్లు పొగలు కక్కుతుంటాయి. అక్కణ్నుంచి కాలవల్లో పాయలుగా చీలతాయి. మొదట స్నానాల గదులు. అవి దాటాక నీళ్లు కాలవలో పారుతూ చల్లబడి చివరికి ఖర్జూరపు తోటల్లోకి చేరతాయి. వేడి వేడిగానే ఒక పనికి, చల్లారాక ఇంకో పనికి. ఒక్క పుల్ల కాల్చలేదు, ఒక్క చుక్క వృథా పోలేదు. ఇలా నీటిని వాలు పట్టించి నడిపించే కాలవలను 'ఫలజ్' అంటారు. అలాంటివి ఇప్పటికీ 3,000 దాకా పారుతున్నాయి. వాటిలో 5 ఫలజ్‌లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పొయ్యి మీద నీళ్లు కాచే అవసరం నిజంగా ఉన్నది జబల్ అఖ్దర్ లాంటి కొండ ఊళ్లకే. సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న సైఖ్ పీఠభూమి మీద చలికాలంలో రాత్రుళ్లు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. ఒమన్ అంతటినీ ఒకే ఎడారిగా ఊహించుకునేవాళ్లు ఈ కొండల్ని మరిచిపోకూడదు.

1967 జులైలో ఒమన్ నుంచి మొదటి చమురు ఓడ బయల్దేరింది. 1970 జులై 23న సుల్తాన్ ఖబూస్ గద్దెనెక్కారు. అప్పటికి దేశం మొత్తంలో తారు రోడ్డు 10 కిలోమీటర్లు, బడులు 3. పొద్దుగూకిన 3 గంటలకు మస్కట్ కోట తలుపులు మూసేసేవారు. ఆ తర్వాత వీధిలో తిరగాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందే. అక్కణ్నుంచి పదేళ్లలో సిమెంటు ఇళ్లు, ఫ్లాట్లు, రోడ్లు, కరెంటు అన్నీ ఒక్క ఊపున వచ్చిపడ్డాయి. ఆ గోడలు కట్టిన చేతుల్లో, ఆ పైపులు బిగించిన చేతుల్లో మన కడప, కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాలవాళ్ల చేతులు కూడా ఉన్నాయి.

1976లో ఘుబ్రా దగ్గర కరెంటునీ మంచినీళ్లనీ ఒకేచోట తయారుచేసే కేంద్రం మొదలైంది. సముద్రపు నీటిని వేడిచేసి, ఒత్తిడి తగ్గుతూపోయే గదుల్లోంచి వరసగా పంపితే, ప్రతి గదిలోనూ కొంత నీరు గప్పున ఆవిరవుతుంది. ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే మంచినీళ్లు. అంటే ఆ రోజుల్లో మస్కట్ కుళాయిలో పడ్డ నీళ్లు గ్యాస్ మంట మీద ఒకసారి వేడెక్కినవే. చల్లారి, పైపుల్లో నడిచి, మిద్దె మీది ట్యాంకులో ఎండకి మళ్లీ వేడెక్కి, ఆఖరికి బాత్రూమ్ గీజర్‌లోకి దిగేవి. ఆ గీజర్‌కి వచ్చే కరెంటూ గ్యాస్‌దే. ఒక్క బకెట్ నీళ్ల వెనక ఇన్ని మంటలున్నాయని స్నానం చేసేవాడికి తెలిసే వీలు లేదు. ఇప్పుడు రివర్స్ ఆస్మోసిస్ కేంద్రాలు వచ్చి నీటిని కాచే అవసరాన్ని చాలావరకు తప్పించాయి. ఇంట్లో గీజర్ మాత్రం అలాగే ఉండిపోయింది.

అది ఉండిపోవడానికి కారణం కరెంటు ధర. ఏళ్ల తరబడి ఇళ్లకి 3,000 యూనిట్ల దాకా యూనిట్‌కు 10 బైసాలే పడేది. 1,000 బైసాలు ఒక రియాల్. నలుగురున్న ఇంట్లో రోజుకి 200 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడి చేయాలనుకుందాం. దానికి కావలసింది సుమారు నాలుగున్నర యూనిట్లు. గీజర్ గోడల్లోంచి పోయే వేడిని కలుపుకున్నా పాత ధరలో 50, 60 బైసాలకు మించదు. రోడ్డు పక్క కరక్ చాయ్ 100 బైసాలు. ఇంటిల్లిపాది స్నానాల ఖర్చు ఒక టీ ఖర్చుకన్నా తక్కువైన చోట సోలార్ హీటర్ గురించి ఎవరు ఆలోచిస్తారు? ఇందులో జనాన్ని తప్పుపట్టడానికేమీ లేదు.

చౌక ఇంధనం ఎండను ఓడించడం మస్కట్‌తో మొదలైన కథ కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ అనే ఆయన 1891లోనే సోలార్ వాటర్ హీటర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. నల్లరంగు వేసిన ట్యాంకుల్ని అద్దం బిగించిన పెట్టెలో పెట్టడమే అందులో సూత్రం. 'క్లైమాక్స్' అనే పేరుతో 25 డాలర్లకు అమ్మాడు. కాలిఫోర్నియాలో బాగా నడిచింది. రాత్రయితే నీళ్లు చల్లారిపోతున్నాయని 1909లో విలియం బెయిలీ ఎండ తగిలే పలకను, నీళ్లు నిలిచే ట్యాంకును విడదీశాడు. ట్యాంకును ఎత్తున, లోపల పెట్టి చుట్టూ వేడి పోకుండా కప్పు వేశాడు. వేడెక్కిన నీరు తేలికై తనంతట తానే పైకి పోతుంది, చల్లటి నీరు కిందికి దిగుతుంది. పంపు అక్కర్లేదు. మన ఊళ్లలో డాబాల మీద ఇవాళ కనిపించే సోలార్ హీటర్లకి మూలం అదే. 1920లలో కాలిఫోర్నియాలో సహజవాయువు చవగ్గా దొరకడంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. యాభై ఏళ్ల తర్వాత ఒమన్‌లో జరిగిందీ అలాంటిదే. ఇక్కడ సోలార్ హీటర్ పెరిగి ఓడిపోలేదు, అసలు పుట్టకముందే దాని చోటులో గీజర్ కూర్చుంది.

ఒమన్‌లో ఎండతో నీళ్లు కాచే అతిపెద్ద ఏర్పాటు కట్టింది చమురు కోసం. దక్షిణాన అమల్ చమురు క్షేత్రంలో నూనె జిగురుగా, చిక్కగా ఉంటుంది. ఆవిరి పంపి కరిగిస్తేగానీ పైకి రాదు. ఆ ఆవిరి కోసం గ్యాస్ మండించాలి. పెట్రోలియం డెవలప్‌మెంట్ ఒమన్, గ్లాస్‌పాయింట్ సంస్థలు కలిసి 2013లో 7 మెగావాట్ల చిన్న కేంద్రంతో ప్రయోగం చేశాయి. 2015లో 'మిరాహ్' అనే పెద్ద పథకం ప్రకటించాయి. పూర్తయితే 1,021 మెగావాట్ల వేడి ఇవ్వాలని లెక్క. పలచటి అల్యూమినియం అద్దాలను గాజు ఇళ్లలో వేలాడదీశారు. బయట పెడితే ఎడారి దుమ్ము కమ్మేస్తుంది, గాలికి విరుగుతాయి. గాజు కప్పును కడగడానికి రాత్రిపూట యంత్రాలు తిరిగేవి. 2017 నుంచి ఆవిరి మొదలైంది. 2020లో చమురు ధరలు పడిపోయిన కాలంలో గ్లాస్‌పాయింట్ మూతపడటంతో అనుకున్నంత కట్టకుండానే పథకం ఆగింది. అయినా ఒక సంగతి తేలిపోయింది. ఒమన్ ఎండ ఆవిరిని పుట్టించగలదు. స్నానానికి కావలసిన 45 డిగ్రీలు దానికి ఒక లెక్కా?

ఈ సంగతి మస్కట్‌లో కాపురముంటున్న మన ఆడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మే వచ్చిందంటే చన్నీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. మిద్దె మీద నీళ్ల ట్యాంకులు, పక్కన ఏసీల అవుట్‌డోర్ యూనిట్లు వదిలే వేడి గాలి, ఎండలో పడున్న పైపులు. మధ్యాహ్నం రెండింటికి పిల్లలకి స్నానం చేయించాలంటే పొద్దున్నే బకెట్లు నింపి పెట్టుకోవాలి. లేదంటే గల్ఫ్‌లో అందరికీ తెలిసిన చిట్కా ఉంది. వేసవి మొదట్లోనే గీజర్ స్విచ్ ఆపేస్తారు. ఏసీ చల్లదనంలో ఉన్న గీజర్ ట్యాంకులో నీళ్లు నెమ్మదిగా చల్లారతాయి. అప్పుడు ఎర్రగీత కుళాయిలో చన్నీళ్లు, నీలిగీత కుళాయిలో వేన్నీళ్లు. ఏడాదిలో సగం రోజులు ఇంటికి వేన్నీళ్ల యంత్రం అక్కర్లేదని ఈ చిట్కాయే రుజువు చేస్తోంది. కావలసింది నవంబర్ నుంచి మార్చి దాకా, అదీ తెల్లవారుజామున.

2021 జనవరి నుంచి కరెంటు రాయితీలను ఒమన్ క్రమంగా తగ్గిస్తూ వస్తోంది. తక్కువ ఆదాయం ఉన్న స్వదేశీ కుటుంబాలకు విడిగా సాయం ఏర్పాటు చేసింది. అంతకుముందే, 2017లో, ఇళ్ల మిద్దెల మీద సోలార్ పలకలు పెట్టుకుని కరెంటు తయారుచేసుకునే 'సాహిమ్' పథకం వచ్చింది. దేశం కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ సహజవాయువు నుంచే వస్తుంది. అదే వాయువును 2000 నుంచి ద్రవంగా మార్చి ఓడలకెక్కిస్తున్నారు. ఆ రేవు ఎక్కడో తెలుసా? అబ్దుర్ రజాక్ ఓడ కోసం కాచుకున్న ఆ ఖల్హాత్ దగ్గరే. మస్కట్ గీజర్లలో మండకుండా మిగిలిన వాయువుకు అక్కడ కొనేవాళ్లున్నారు.

ఇప్పుడు ఇంటి సంగతి. సొంత విల్లా ఉన్నవాళ్లకి బెయిలీ నాటి సూత్రం చక్కగా సరిపోతుంది. అయితే ఎండాకాలంలో ఆ హీటర్ అవసరానికి మించి మరిగిపోతుంది గనుక పలకల మీద కప్పు వేసే వీలుండాలి, దుమ్ము కడుగుతుండాలి. ఫ్లాట్లకి హీట్ పంప్ మేలు. ఏసీని తిరగేసి పెట్టినట్టు అది బయటి గాలిలో వేడిని లాగి నీళ్లకిస్తుంది. ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. గాలి వెచ్చగా ఉన్న చోట ఇంకా బాగా పనిచేస్తుంది, అంటే మస్కట్ దానికి అనువైన ఊరు. ఇవేవీ కొనలేనివాళ్లు గీజర్‌కి టైమర్ పెట్టించుకుంటే చాలు. పాత గీజర్ రోజంతా ఆన్‌లో ఉంటే ఎవరూ నీళ్లు వాడకపోయినా ఒక యూనిట్ దాకా గోడల్లోంచే పోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. పొదుపు కోసం గీజర్‌ను 45 దగ్గర ఉంచకూడదు. ఊపిరితిత్తులకి ప్రమాదకరమైన లెజియొనెల్లా బ్యాక్టీరియా 25 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలోనే పెరుగుతుంది. 60 దగ్గర చస్తుంది. కాబట్టి 60కి కాచి, వాడేటప్పుడు చన్నీళ్లు కలుపుకోవాలి. వేసవంతా ఆపిన గీజర్‌ను నవంబర్‌లో మళ్లీ వేసినప్పుడు 60కి చేర్చి, ఆ మొదటి నీళ్లు పారబోసి మొదలుపెట్టాలి. మిద్దె మీది ట్యాంకు కడిగించడం, దానికి నీడ వేయడం ఈ పనిలో భాగమే.

అసలు చిక్కు ఇంకోటుంది. మనవాళ్లలో ఎక్కువమంది అద్దెకుంటారు. హీటర్ కొనాల్సింది ఇంటి యజమాని, బిల్లు కట్టేది అద్దెకున్నవాడు. మంచి యంత్రం పెట్టినా లాభం తనకి రాదు గనుక యజమాని చవక గీజరే బిగిస్తాడు. రెండేళ్ల వీసా మీద వచ్చినవాడు మిద్దె మీద తన డబ్బు పెట్టడు. ఈ ముడి విప్పాలంటే ఇల్లు కట్టేటప్పుడే విప్పాలి. మిద్దె నుంచి బాత్రూమ్‌కి, చుట్టూ వేడి పోకుండా తొడుగు వేసిన వేన్నీళ్ల పైపు ఒకటి గోడలో ముందే దించి ఉంచితే ఆ ఇంట్లో ఎవరున్నా, ఎప్పుడైనా సోలార్ గానీ హీట్ పంప్ గానీ తగిలించుకోవచ్చు. టైల్స్ అతికించకముందు అది ప్లంబర్‌కి ఒక పూట పని. అతికించాక గోడ పగలగొట్టాల్సిందే. మస్కట్‌లో, సోహార్‌లో, సలాలాలో ఇవాళ లేస్తున్న ఇళ్ల మీద మన మేస్త్రీలు, ప్లంబర్లు ఎందరో పనిచేస్తున్నారు. ఆ పైపు మాట యజమాని చెవిన వేయగలిగినవాళ్లు వాళ్లే.