స్టిక్కర్ ఉంటే చాలు!

ప్రొడక్షన్‌లో బగ్ వచ్చాకే మనం ప్యాచ్ వేస్తాం కదా. మన పార్లమెంటు భద్రత కథా అంతే.

2001 డిసెంబర్ 13. ఐదుగురు తీవ్రవాదులు తెల్ల అంబాసిడర్‌లో లోపలికొచ్చేశారు. గేటు ఎలా దాటారంటే, అద్దం మీద హోంశాఖ పేరుతో నకిలీ స్టిక్కర్, పైన ఎర్రబుగ్గ. అంతే! వాళ్ళని అనుమానించి కేక పెట్టింది సీఆర్పీఎఫ్ కానిస్టేబుల్ కమలేష్ కుమారి. ఆమె చేతిలో తుపాకీ కూడా లేదు. అక్కడే కాల్చేశారు. ఈలోపు భవనం తలుపులు మూసేశారు, లోపలున్న ఎంపీలు బతికారు. మనవాళ్ళు తొమ్మిదిమంది పోయారు. ఆమెకి అశోకచక్ర ఇచ్చారు.

తర్వాత బారికేడ్లు, టైర్లు చీల్చే మేకులు, కెమెరాలు వచ్చాయి. మంచిదే, కానీ ఎక్కువ భాగం కారుని ఆపడానికే.

సరిగ్గా 22 ఏళ్ళకి, 2023 డిసెంబర్ 13న, కొత్త భవనంలో ఇద్దరు కుర్రాళ్ళు గ్యాలరీలోంచి లోక్‌సభలోకి దూకారు. బూట్లలో దాచిన డబ్బాల్లోంచి పసుపు పొగ వదిలారు. ఈసారి పాసులు అసలువే! 1929లో భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ బాంబులు విసిరిందీ సెంట్రల్ అసెంబ్లీ గ్యాలరీ నుంచే. అంటే ఆ దారి కొత్తదేం కాదు.

2024 మేలో కాపలా సీఐఎస్ఎఫ్‌కి అప్పగించారు. సంతోషం. కానీ రివ్యూ చేసేవాళ్ళు ఎన్ని కెమెరాలు పెట్టామో లెక్కపెట్టి ఊరుకోకూడదు. ఎర్రబుగ్గ కారుని ఆపి "మీరెవరండీ?" అని అడిగే ధైర్యం గేటు దగ్గర కానిస్టేబుల్‌కి ఇచ్చామా లేదా? నాకైతే అదే అసలు టెస్ట్ కేసు అనిపిస్తుంది.