వస్తాదు దక్షిణ, బ్లాక్ బెల్టు ఫీజు

మన శంభులింగేశ్వరస్వామి జాతరల ఎడ్లు బండ లాగుతయి, గెలిస్తే బహుమానం ఆసామి జేబుల పడతది. కొరియా దేశంల దీనికి ఉల్టా. అక్కడ మనిషి కుస్తీ పట్టి గెలుస్తడు, బహుమానంగ ఎద్దు వస్తది. గెలిచిన పైల్వాను ఆ ఎద్దు మీదెక్కి ఊరంత తిరుగుతడు. వాడు మీసం మెలేసే పని గూడ లేదు.

నవ్వుతవేంది? నెగడు కాడ కూచున్నవు గనుక చెప్తున్న. తొందరుంటే లేచిపో. నీకు తొందర లేదని నాకు తెల్సులే, లోపలికి పోతే మీ అమ్మ పుస్తకం పట్టుకోమంటదని కదా ఈడ కూచున్నవు.

మొన్న ఎల్లో బెల్టు కట్టుకొని వచ్చి, “తాతా, తైక్వాండో రెండు వేల ఏండ్లనాటి విద్య” అని నా ముక్కు ముందట కాలు లేపినవు. కాలు మంచిగనే లేచింది. మాటనే కొంచెం ఎక్కువ లేచింది. బడిపంతులు పని చేసి దిగినోణ్ణి, ఇట్లాంటి మాట చెవిన పడితే పుస్తకాలు తిరగేయక ఊకుండను.

అసలు పాతది తైక్వాండో కాదురా, ఆ ఎద్దును గెలిచే కుస్తీ. దాని పేరు స్సిరుమ్. కొరియాల కొగురియో రాజ్యమని ఒకటుండె. ఆ కాలపు సమాధి గోడల మీద ఇద్దరు మల్లులు ఒకరినొకరు పట్టుకున్న బొమ్మ ఉంది, ఆ సమాధి పేరే మల్లుల సమాధి. అది సుమారు పదిహేను, పదహారు వందల ఏండ్ల కిందటిది. ఆట సంగతి చెప్త విను. గుండ్రంగ ఇసుక పోస్తరు. నడుముకు, తొడకు కలిపి ఓ బట్టపట్టీ చుట్టుకుంటరు. ఒకని పట్టీ ఒకడు పట్టుకొని మోకాళ్ల మీద కూచొని మొదలుపెడతరు. లేచినంక మోకాలు గాని, దాని పైన ఒళ్లు గాని ఏడ నేలకు తగిలినా ఓడినట్టే. మన కుస్తీల వీపు మట్టికంటి చిత్తయితే గాని ఓటమి లేదు, మనకాడ కిందపడ్డా మీసాలకు మన్ను కాలేదనే సామెత గూడ ఉంది. వాళ్ల ఆటల ఆ సాకు చెల్లదు. చాంద్రమానం లెక్కల అయిదో నెల అయిదో రోజు వాళ్లకు డానో పండుగ. అప్పుడు పడతరు ఈ కుస్తీలు. 2018ల ఉత్తర కొరియా, దక్షిణ కొరియా రెండూ కలిసి దీన్ని యునెస్కో జాబితాల ఎక్కించుకున్నయి. ఒకరి మొకం ఒకరు చూడనోళ్లు కుస్తీ కాడికి వచ్చేసరికి ఒక్కటైన్రు.

మనకు కుస్తీ లేదా అంటవు. ఉండె బిడ్డా. ఊరి కొసకు తాలింఖాన ఉండె. పోలీసు యాక్షన్ నాటికి, అంటే 1948 సెప్టెంబరుకు, నాకు లాగు తొడుక్కునుడే కొత్త. అప్పటికే మా అన్నల వెంట పోయి గోడ మీద కూచునేటోణ్ణి. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, నూనె, పసుపు, మజ్జిగ పోసి కలిపేటోళ్లు. నల్లరేగడి పనికిరాదు, ఎండితే ఒళ్లు చీరుకపోతది. ఓ మూలకు హనుమంతుని పటం. దానికి దండం పెట్టి, మట్టి నొసటికి రాసుకొని దండీలు, బస్కీలు తీసుడు. ఆ తర్వాత కర్రసాము. పీర్ల పండుగొస్తే అలావా చుట్టూ అదే కర్ర తిప్పుడు. హనుమంతునికి మొక్కినోడు పీరు ముందట కర్ర తిప్పుతడా అని ఆ రోజుల్ల ఎవ్వరూ అడగలే. అడిగితే కుస్తీ నేర్పే వస్తాదు ఇంకో యాభై బస్కీలు తీయిస్తుండె.

ఇగ ఫీజు సంగతి. మీ కోచింగుల బెల్టుకో పరీక్ష, పరీక్షకో ఫీజు అంటివి. మా వస్తాదుకు చేరిన దినం ఒక కొబ్బరికాయ, ఇంత బెల్లం, ఒక హాలీ అణా. దసరాకు ఒక రుమాలు. పంట ఇంటికొచ్చినంక కుంచెడు జొన్నలు. బాదంపప్పు తినాలని అందరికీ చెప్పేటోడు గాని, బాదం మొకం ఎవడు చూసిండు? రాత్రి నానేసిన శెనగలు, పొద్దుగాల బెల్లంముక్క, మీద ఇంత అంబలి. దానితోనే గుండు ఎత్తిన్రు, బండి ఇరుసు ఎత్తిన్రు.

హాలీ అంటే నీకేం తెల్సు! నిజాం సర్కారు పైస అది. ఏరు దాటి జగ్గయ్యపేట పోతే ఇంగ్లీషోళ్ల కల్దారు రూపాయి నడిచేది. మన ఏడు రూపాయిలిస్తే వాళ్లవి ఆరు. నడుమ కరోడ్‌గిరి నాకా, అంటే సుంకం కచేరి. మా నాయిన ఓసారి పేట నుంచి కొత్త దుప్పటి కప్పుకొని, అది పాతదేనని నమ్మించేటందుకు దారిల దాని మీదనే పొర్లిండట. నాకాదారు నవ్వి వదిలిపెట్టిండు. దుప్పటి మీద ముండ్లు మాత్రం సంకురాత్రి దాక ఏరుకుంటనే ఉన్నరు. సరే, దుప్పటి సంగతి పక్కకు పెడుదాం.

ఆ నిజాం రోజుల్ల సభ పెట్టాలన్నా, అఖాడా పెట్టాలన్నా సర్కారు సెలవు కావాలె. పదిమంది జవాన్లు ఒక్కకాడ బస్కీలు తీస్తుంటే గద్దెనెక్కినోనికి నిద్ర పట్టదు. కొరియాలనూ ఇదే కథ. 1910 నుంచి 1945 దాక అది జపానోళ్ల చేతిల ఉండె. కొరియాల తెక్యోన్ అని ఒక కాలి ఆట ఉంది. చూస్తే కొట్లాట లెక్క ఉండదు, సన్నగ చిందేసినట్టు ఉంటది. ఒంగుకుంట, లేచుకుంట, ఎదుటోని కాలు తప్పించి పడగొడతరు, లేకుంటే మొకానికి అందేటట్టు తంతరు. పై ఊరోళ్లకు కింద ఊరోళ్లకు పోటీ. ముందుగాల పోరగాండ్లు దిగుతరు, వాళ్ల తర్వాత పెద్దోళ్లు. యూ సుక్ అనే చిత్రకారుడు 1846ల వేసిన బొమ్మల స్సిరుమ్, ఇదీ రెండూ పక్కపక్కనే నడుస్తుంటయి, చుట్టూ జనం కూచొని చూస్తుంటరు. జపానోళ్లు ఈ ఆటను అణగదొక్కిన్రు, బడుల్ల తమ జూడో, కెండో పెట్టిన్రు.

ఆట సచ్చినట్టే అయ్యింది. సోల్ పట్నంల సాంగ్ దోక్ గి అని ఒక్క మనిషి దాన్ని కడుపుల దాచుకొని బతికిండు. పుట్టుడు 1893. ఆ దేశపు సర్కారు ఆటకు గుర్తింపు ఇచ్చేది 1983ల. లెక్క కట్టు, నువ్వు లెక్కలల్ల మొద్దువని మీ సారు అన్నడు గని ఇది సులువే. తొంబై ఏండ్ల మనిషిని పిలిచి, అయ్యా, నీ కాళ్లల్ల దేశపు ఆస్తి ఉందన్నరు. 1987ల పోయిండు పెద్దమనిషి. 2011ల తెక్యోన్ గూడ యునెస్కో జాబితాకెక్కింది.

మరి మా తైక్వాండో ఏదీ అంటవు. వస్తున్న, వస్తున్న. కట్టె ఎగదొయ్యి, పొగొస్తున్నది.

చోయ్ హాంగ్ హి అని ఒకాయన, 1918ల పుట్టిండు. బక్కపలుచని మనిషి. జపాన్ల చదువుకోను పోయే ముందు పేకాటకు కూచున్నడు, అదీ ఒక పెద్ద పైల్వానుతోని. మాటా మాటా పెరిగింది, సిరాబుడ్డి తీసి పైల్వాను నొసలు పగలగొట్టిండు. పైల్వాను, నువ్వు తిరిగి రా, నీ కాళ్లూ చేతులూ ఊడదీస్త అన్నడట. ఇది ఎవరో కట్టిన కథ గాదు, ఆయననే చెప్పుకున్నడు. ఆ భయానికి జపాన్ల కరాటే నేర్చిండు. పోతుంటే వస్తుంటే దీపాల స్తంభం కనపడితే దాన్నే పైల్వాను అనుకొని గుద్దేటోడట. తాడిని తన్నేవాడుంటే వాని తల తన్నేవాడుంటడని ఊకనే అన్నరా! ఆయన తర్వాత స్వతంత్రం వచ్చిన కొరియా సైన్యంల జనరల్ అయ్యిండు, సిపాయిలకు ఈ విద్య నేర్పిచ్చిండు.

ఆయన ఒక్కడే గాదు. 1944ల సోల్‌ల చుంగ్ దో క్వాన్ అని తాలీం తెరిచిన యీ వోన్ గుక్ గూడ జపాన్ల కరాటే నేర్చినోడే. ఇట్లాంటి తాలీములు నాలుగైదు లేచినయి, ఒక్కో గురువుది ఒక్కో పేరు. 1950 నుంచి మూడేండ్లు కొరియా యుద్ధం. మన సైన్యపు వైద్యుల దళం గూడ అక్కడికి పోయింది. చావిడి కాడ పటేలు పేపరు చదివిస్తుంటే మేం కొరియా అంటే ఏ దిక్కుకుందో తెలియక నల్గొండ దిక్కు చూసేటోళ్లం. ఆ యుద్ధం సల్లారినంక, 1955 ఏప్రిల్ 11న, గురువులూ పెద్దలూ సోల్‌ల ఒక్కకాడ కూచొని చోయ్ రాసిచ్చిన తైక్వాండో పేరును ఖాయం చేసిన్రు. తెక్యోన్‌కు దగ్గరగ వినపడే పేరు పెట్టుడు చోయ్ తెలివి, పాత ఆట గౌరవం కొత్తదానికి ఉచితంగ వచ్చింది. అయినా అందరూ ఒప్పుకోలే. ఆ గురువుల సంఘానికి ముందు వేరే పేరే ఉండె, 1965కు గాని తైక్వాండో పేరు నిలవలే.

అంటే నీ విద్య నాకంటే చిన్నదిరా. నన్ను అది తాతా అని పిలవాలె.

మరి ఆ రెండు వేల ఏండ్లు ఏడికెల్లి వచ్చినయంటే, మా తాతలు నేతులు తాగిన్రు మా మూతులు వాసన చూడుమనుడు అన్ని దేశాలల్ల ఉన్నదే. సిల్లా రాజ్యపు పడుచు వీరులు, సమాధి బొమ్మలు, గుళ్ల ద్వారపాలకులు, అన్నీ తెచ్చి వంశవృక్షానికి కట్టిన్రు. వాళ్లను ఎగతాళి చేయను. మన నటరాజ రామకృష్ణగారు రామప్ప గుడి శిల్పాలు చూసి, జాయప సేనాని పుస్తకం చదివి పేరిణిని మళ్లా నిలబెట్టలేదా? ఆయన ఆధారం ఎదురుగ పెట్టుకొని కట్టిండు, అదొక్కటే తేడా. కొరియాకు గూడ నిజమైన ఆధారం ఒకటుంది. 1790ల జోంగ్జో రాజు యుద్ధవిద్యల పుస్తకం రాయించిండు. బల్లెం, కత్తి, గుర్రం మీద సాము, వట్టి చేతుల పోరు అన్నీ కలిపి ఇరవైనాలుగు విద్యలు, బొమ్మలతో సహా. ఏ చెయ్యి ఏడ పెట్టాల్నో గీసి చూపిచ్చిన్రు.

మా వస్తాదు ఏం గీసిండు? పిల్లి పులికి అన్నీ నేర్పి చెట్టెక్కుడు ఒక్కటి దాచుకున్నదంటరే, ఆ కథ ఆయనకు వేదం. నూరు పట్లు తెల్సు, తొంబైతొమ్మిది నేర్పిండు. ఆయన శిష్యుడు ఇంకొకటి దాచిండు. శిష్యుని శిష్యుడు ఇంకో రెండు. నువ్వు లెక్కలల్ల మొద్దువైనా ఇదెట్ల అయిపోతదో చెప్పగలవు. ఆ తాలీము ఉన్న జాగల ఇప్పుడు సిమెంటు బస్తాల గోదాము ఉంది, అద్దె మంచిగనే వస్తదట.

కొరియావోళ్లు దాచుకోలే. 1972ల సోల్‌ల కుక్కివోన్ అని పెద్ద తాలింఖాన కట్టిన్రు. మరుసటేడు అక్కడనే ప్రపంచ పోటీలు. 1988 సోల్ ఒలింపిక్సుల ప్రదర్శనగ పెట్టి, 2000 సిడ్నీల పతకాల ఆటగ ఎక్కిచ్చిన్రు. బెల్టుకో రంగు, రంగుకో పరీక్ష, పరీక్షకో కాగితం. ఆ కాగితం ఉండబట్టే మన కోదాడ పోరగాడు వేసే తాపు, బ్రెజిల్ పోరగాడు వేసే తాపు ఒక్కతీరుగ ఉంటది. ఫీజు ఎక్కువని నేను గొణిగేది గొణిగేదే, అది వేరే.

పేరు పెట్టిన చోయ్ ఏమైండని అడగవేం? 1966ల అంతర్జాతీయ సమాఖ్య పెట్టిండు. సర్కారుతోని చెడింది, 1972ల కెనడా పోయిండు. దక్షిణ కొరియాల 1973ల ఇంకో ప్రపంచ సమాఖ్య లేచింది, ఒలింపిక్సుకు పోయేది దాని నియమాల మీదనే. చోయ్ 1980ల ఉత్తర కొరియాకు పోయి అక్కడ తన తైక్వాండో చూపిచ్చిండు, 2002ల అక్కడనే కన్నుమూసిండు. ఆయన పోయినంక ఆయన సమాఖ్యే ముక్కలైంది, ప్రతి ముక్క మేమే అసలు అంటది. ఎద్దు కోసం కొట్టుకునేటోళ్లు కలిసి యునెస్కోకు పోయిన్రు, ఒక్క విద్య నేర్చినోళ్లు బోర్డులు పంచుకున్నరు.

అందుకే అడుగుతున్న, నీ ఎల్లో బెల్టు కాగితం మీద ఎవరి ముద్ర ఉంది? చూడలేదా? పైసలు కట్టింది మీ నాయిన గనుక చూడలే. పో, లోపల బీరువాల ఉంటది, పట్టుకురా. అట్లనే నా అద్దాలు గూడ.