వెలుగు పలికెడి సాక్ష్యము

కంసాలి గీటురాతిమీద బంగారమును ఒరసి, ఆ గీత వన్నెను చూచి మేలిమి చెప్పును. మేలిమి బంగారమును మనవారు పదియారు వన్నె బంగారమనిరి. వన్నె యనగా రంగు. రంగు యనగా వెలుగు. పొయ్యిమీద చెరకు పాకము మరుగుచుండగా బెల్లము వండువాడు నురుగు రంగును, బుడగల తీరును కనిపెట్టి పెనము దింపవలసిన అదను తెలిసికొనును. కుమ్మరి ఆవములోని నిప్పు రంగును బట్టి కుండలు కాలినవో లేదో గ్రహించును. బెల్లము వండువాడు గాని, కుమ్మరి గాని పని నిలిపి, సరుకును పరీక్షాశాలకు పంపి, జవాబు కొరకు వేచియుండరు. వస్తువు తయారగుచుండగనే వెలుగును చూచి దాని లోని గుణమును నిర్ణయింతురు. నేటి కర్మాగారములలో పరారుణ కిరణములతోను, లేసరు కాంతితోను పనిచేయు సెన్సారులు చేయుచున్న పనియు ఇదియే. అయితే ఆ కంటికిని ఈ సెన్సారుకును నడుమ రెండు వందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో కృష్ణాతీరము పాలు స్వల్పము కాదు. దానిని మనవి చేయుటయే మా యుద్దేశము.

1859వ సంవత్సరమున జర్మనీ దేశపు హైడెల్‌బర్గు నగరమున కిర్హాఫ్, బున్సెన్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు వర్ణపట పరీక్షకు పునాది వేసిరి. మంటలో కాలి వాయురూపము పొందిన ప్రతి మూలద్రవ్యమును తనకే చెందిన రంగుల వెలుగును వెలార్చును. ఆ వెలుగును గాజు పట్టకము గుండా చూచినచో సన్నని గీతలుగా విడివడి కనబడును. ఒకరి వ్రేలిముద్ర మరియొకరికి లేనట్లే, ఇనుము గీతలు రాగికి లేవు, సోడియము గీతలు మరి దేనికిని లేవు.

ఈ సత్యము వెల్లడియై నాలుగేండ్లు గడచునప్పటికే కర్మాగారపు గడప దాటెను. ఆ దినములలో ఇంగ్లండున ఉక్కును బెస్సెమర్ కొలిమిలో తయారు చేయుచుండిరి. కరిగిన ఇనుములోనికి గాలిని ఊదగా దానిలోని బొగ్గుపదార్థము మండిపోవును. గాలిని సరియైన క్షణమున ఆపవలెను. కొన్ని విఘడియలు ముందైనను, వెనుకైనను ఆ కొలిమి సరుకంతయు చెడును. హెన్రీ రాస్కో అను రసాయనశాస్త్రవేత్త షెఫీల్డు నగరమున ఆ మంటను వర్ణపటదర్శినితో చూచి, పని ముగియు క్షణమున కొన్ని గీతలు హఠాత్తుగా మాయమగునని కనిపెట్టి 1863లో ప్రకటించెను. తయారగుచున్న వస్తువు తన స్థితిని తానే వెలుగు ద్వారా చెప్పుకొనుట, మనుష్యుడు పరికరముతో దానిని విని కొలిమిని అదుపు చేయుట, ఈ విధముగా ఆరంభమయ్యెను.

ఇక మన తీరమునకు వత్తము. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దాని నీడ మన తెలుగునాటి మీదుగా సాగినది. ఫ్రాన్సు దేశమునుండి పియర్ జాన్సెన్ అను ఖగోళవేత్త వర్ణపటదర్శినితో గుంటూరు చేరెను. చెన్నపట్టణపు నక్షత్రశాలాధికారి నార్మన్ పోగ్సన్ మచిలీపట్టణమున మకాము వేసెను. సూర్యబింబము మరుగుపడిన ఆ కొద్ది నిమిషములలో అంచున ఎగసిన మంటలనుండి మెరయు గీతలు వీరికి కానవచ్చెను. అవి సూర్యుని చుట్టును మండుచున్న వాయువుల ఆనవాళ్లు. వాటిలో సోడియము గీతకు చేరువగా నుండియు సోడియమునకు చెందని పసుపు గీత యొకటి తరువాత తేలెను. ఇంగ్లండున నార్మన్ లాకియర్ దానిని పరిశోధించి, అది భూమిమీద ఎవ్వరు నెరుగని ద్రవ్యమునకు చెందినదని తలచెను. హీలియమను పేరు దానికి అట్లు వచ్చినది. 1895లో విలియం రాంసే దానిని భూమిమీదనే ఒక ఖనిజమునుండి వెలికి దీసెను.

ఆ యాత్రలో జాన్సెన్ చేసిన మరియొక పనియే మా ప్రసంగమునకు ముఖ్యము. గ్రహణమునాడు ఆ గీతలు ఎంతో కాంతివంతముగా నుండుట చూచి, గ్రహణము లేకున్నను ఇవి కానరావా యని ఆయనకు తోచెను. మరునాడు ఉదయమున గుంటూరులోనే పరికరమును సూర్యుని అంచునకు త్రిప్పి చూడగా గీతలు కనబడెను! అంతవరకు ఏండ్ల కొక్కసారి, నిమిషముల సేపు మాత్రమే లభించిన దర్శనము నాటినుండి ప్రతి దినము సాధ్యమయ్యెను. అపురూపమైన పరీక్షను ఎడతెగని పరిశీలనగా మార్చుటయే నేటి కర్మాగారపు సెన్సారు చేయు పని. ఆ మార్పు మొట్టమొదట జరిగిన చోట్లలో గుంటూరు ఒకటి.

వెలుగు పరీక్ష డెల్టా రైతు బ్రతుకులో ప్రవేశించినది మరియొక ద్వారమున. ధ్రువణము చెందిన కాంతి, అనగా ఒకే తలమున ఊగు కాంతి, కొన్ని ద్రవముల గుండా పోవునప్పుడు దాని తలము ప్రక్కకు తిరుగునని 1815లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో కనుగొనెను. చెరకు చక్కెర కలిసిన నీరు ఆ తలమును కుడివైపునకు త్రిప్పును. చక్కెర ఎంత చిక్కనైన త్రిప్పు అంత యెక్కువ. 26 గ్రాముల స్వచ్ఛమైన చక్కెరను 100 మిల్లీలీటర్ల ద్రావణము చేసి, 200 మిల్లీమీటర్ల గొట్టములో పోసి చూచినచో పరికరము 100 అని చూపవలెను. పోలారిమీటరు అను ఈ పరికరముపై లోకపు చక్కెర వర్తకమంతయు నిలిచినది.

1941లో ఐ.సి.ఎస్. ఉద్యోగమును విడిచిన వెలగపూడి రామకృష్ణ గారి కె.సి.పి. సంస్థ చేపట్టిన వుయ్యూరు చక్కెర మిల్లు ఈ ప్రాంతమునకు పేరు తెచ్చినది. ఏ చక్కెర మిల్లులో నైనను రసము రోలర్లనుండి దిగినది మొదలు గింజ కట్టువరకు రెండు అంకెలు వెన్నంటియుండును. ఒకటి బ్రిక్సు, అనగా రసములో కరిగిన ఘనపదార్థమంతయు. రెండవది పోల్, అనగా అందులో నిజమైన చక్కెర. రెండును వెలుగు చెప్పునవే. బ్రిక్సును కాంతి వంగు తీరును బట్టి రిఫ్రాక్టోమీటరు చెప్పగా, పోల్‌ను కాంతి తలము తిరుగు తీరును బట్టి పోలారిమీటరు చెప్పును. ఇప్పుడు రిఫ్రాక్టోమీటరును గొట్టపు గోడలోనే బిగించు పద్ధతి వచ్చినది. గాజు పట్టకము ముఖము మాత్రమే పాకమును తాకుచుండును. కాంతి పాకము గుండా పోనక్కరలేక, ఆ ముఖమునుండియే వెనుకకు మరలును గనుక పాకము ఎంత నల్లగా నున్నను చిక్కదనము క్షణక్షణము తెలియుచుండును.

ఇచ్చట రైతు నష్టమును గూర్చి ఒక మాట. కోసిన చెరకు ఎండలో నిలిచినకొలది దానిలోని చక్కెర విడిపోయి రెండు వేరు చక్కెరలగును. ఆ మిశ్రమము కాంతిని కుడికి బదులు ఎడమకు త్రిప్పును. మిల్లు వాకిట బండ్ల వరుసలో రెండు దినములు గడచినచో తరుగునది తూకము మాత్రమే కాదు, తీపియు తరుగును. ఆ తరుగును దాచక చెప్పునది ఈ వెలుగే.

అయితే ఆ సాక్ష్యము ఎవరి పక్షమున చెప్పబడుచున్నది? పాడిరైతు పాల కేంద్రమునకు పోయినప్పుడు అతని పాలలోని వెన్న అతని పేర లెక్కకు వచ్చును. ప్రక్కవాని పలుచని పాలు అతని ధరను తగ్గింపవు. చెరకు రైతు సంగతి అట్లు కాదు. 2009లో కేంద్ర ప్రభుత్వము చెరకునకు న్యాయమైన, లాభదాయకమైన ధర అను పద్ధతిని తెచ్చినప్పుడు, నూరు బరువుల చెరకునకు 9.5 బరువుల చక్కెరను ప్రాతిపదికగా గైకొని, అంతకు మించిన రాబడికి అదనపు ధర నిర్ణయించెను. కాని ఆ రాబడి మిల్లు మొత్తమునకు కట్టిన సగటు. సకాలమున నీరు కట్టి, అదనున నరికి, తాజాగా తోలిన రైతు చెరకును, అశ్రద్ధగా పెంచిన చెరకును ఒకే సగటున కలిసిపోవును. ఆస్ట్రేలియాలో ప్రతి రైతు చెరకును విడిగా పరీక్షించి వెల కట్టు ఆచారము చిరకాలముగా కలదు. అచ్చటి క్వీన్స్‌లాండు మిల్లులలో 1990ల దశకమునుండి చీల్చిన చెరకు మిల్లులోనికి జారుచుండగనే దానిపై పరారుణ కాంతిని ప్రసరింపజేసి తీపిని, పీచును లెక్కించు పద్ధతి నెలకొన్నది. పరికరము నేర్పు అచ్చట రైతు హక్కుతో ముడిపడినది.

పరారుణ కాంతిని 1800లో విలియం హెర్షెల్ కనుగొనెను. ఎరుపునకు ఆవల, కంటికి కానరాక, వేడిమాపకమునకు మాత్రము తెలియు కిరణములవి. నూటయేబది యేండ్ల పిదప అమెరికా వ్యవసాయశాఖలో కార్ల్ నారిస్ అను ఇంజనీరు వీటిని పంటల పరీక్షకు వినియోగించెను. ఆయన తొలుత చేపట్టినది కోడిగ్రుడ్ల పరీక్ష! గ్రుడ్డును దీపము ముందు పట్టి మంచిచెడులు చూచుట మన పల్లెలలో తెలియని పని కాదు. గ్రుడ్డునుండి ఆయన గింజకు వచ్చెను. గింజలోని నీరు, మాంసకృత్తులు, నూనె ఒక్కొక్కటి ఒక్కొక్క రకపు పరారుణ కాంతిని మ్రింగును. మరలివచ్చిన కాంతిలో ఏది యెంత లోపించెనో లెక్కించినచో గింజను పిండి చేయకుండగనే దాని గుణము తేలును. ధాన్యమును పంటికింద నొక్కి తడి చెప్పు డెల్టా రైతునకు దీని విలువ వేరుగా వివరింపనక్కరలేదు.

వెలుగు పరీక్షలన్నింటిలోను సూక్ష్మమైనది మన దేశమున పుట్టినది. బాల్యమున విశాఖపట్టణమున చదివిన చంద్రశేఖర వెంకటరామన్ 1928 ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తాలో తన పేరిట ప్రసిద్ధమైన ఫలితమును కనుగొనెను. ఒకే రంగు వెలుగు పదార్థముపై పడినప్పుడు చెదరిన వెలుగు దాదాపు అంతయు అదే రంగుతో వచ్చును. కోటిలో ఒక పాలు వంటి అత్యల్పాంశము మాత్రము రంగు మారి వచ్చును. ఆ మార్పు అణువుల కదలికనుబట్టి యుండును గనుక అణువుల చిరునామా దానిలో నున్నది.

ఆ సంవత్సరమే రామన్ చెంత చేరిన యువకులలో సూరి భగవంతం గారొకరు. ఆయన 1909లో మా గన్నవరమునకు చేరువనున్న ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి కలకత్తా పోయిరి. 1932లో వాల్తేరు చేరి ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించిరి. అదే విశ్వవిద్యాలయమున కొచ్చెర్లకోట రంగధామరావు గారు వర్ణపట పరిశోధనను పెంపొందించుచుండిరి. 1940లో భగవంతం గారు కాంతి చెదరుటను గూర్చియు, రామన్ ఫలితమును గూర్చియు వ్రాసిన ఆంగ్ల గ్రంథమును ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రకటించెను. తరువాత వారు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులును, 1957లో బెంగుళూరు విజ్ఞాన సంస్థకు సంచాలకులును అయిరి.

ఆ కాలమున రామన్ గీతలను ఛాయాచిత్రపు ఫలకముమీద పట్టుటకు గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు పట్టెడిది. అట్టి పద్ధతి కర్మాగారమునకు పనికిరాదు. 1960లో లేసరు పుట్టినది. ఒకే రంగు గల, మిక్కిలి తీక్ష్ణమైన ఆ వెలుగు రామన్ పరీక్షకే పుట్టినట్లుండెను. పిదప కాంతిని కొనిపోవు సన్నని గాజుతంతులు, వెలుగును వెంటనే అంకెలుగా మార్చు ఫలకములు వచ్చినవి. నేడు మందుల కర్మాగారమున తొట్టిలో ముంచిన శలాక నిమిషనిమిషమును రసాయనిక క్రియ ఎంత సాగెనో చెప్పగలదు. నీరు రామన్ కాంతిని అల్పముగా మాత్రమే చెదరగొట్టును గనుక నీటిలో జరుగు క్రియలకు ఈ పద్ధతి మిక్కిలి అనుకూలము.

మందుల విషయమున దీని యావశ్యకత ఎట్టిదో చూడుడు. మాత్రలో మందు పాలు చాల తక్కువగా నుండి, మిగిలినదంతయు పిండియే కావచ్చును. కలుపుట సరిగా లేనిచో ఒక మాత్రలో మందు హెచ్చు, మరియొకదానిలో శూన్యము. పూర్వము యంత్రమును నిలిపి, అచ్చటచ్చట నమూనాలు తీసి, పరీక్షాశాల జవాబు కొరకు వేచియుండెడివారు. నమూనా తీయని మూలలో నేమున్నదో ఎవరికి నెరుక? ఇప్పుడు తిరుగుచున్న పీపాకు అమర్చిన కిటికీ గుండా పరారుణ కాంతి పిండిని చూచుచుండును. వరుసగా వచ్చిన వర్ణపటములలో మార్పు ఆగినప్పుడు కలుపుట ముగిసినదని తెలియును. 2004 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ ఇట్టి పరీక్షలను ప్రోత్సహించుచు మార్గదర్శక పత్రమును వెలువరించినది. మందు తయారైన పిదప గుణమును వెదకుటకంటె, తయారీలోనే గుణమును కూర్చుట మేలని దాని సారాంశము. హైదరాబాదు, విశాఖపట్టణ ప్రాంతముల మందులు సముద్రములు దాటుచున్నవి గనుక ఈ మాట మన వాకిటి మాటయే.

ఇంత చెప్పిన పిదప వెలుగు పరిమితిని గూర్చియు చెప్పుట న్యాయము. పరారుణ కాంతి తనంత తాను ఈ చెరకులో తీపి యింత యని పలుకదు. ముందుగా వందలకొలది నమూనాలను చేతితో పరీక్షించి, ఆ యంకెలను కాంతి చూపిన గుర్తులతో జతపరచి పరికరమునకు నేర్పవలెను. వుయ్యూరు చెరకుతో నేర్చినది వేరు నేల చెరకును తప్పుగా చదువవచ్చును. కిటికీ గాజుకు పాకము అంటుకొన్నను లెక్క మారును. కావున పరికరము వచ్చినంతమాత్రాన రసాయనశాస్త్రజ్ఞునికి పని తప్పలేదు. అతని చేతి పరీక్షయే ఈ పరికరమునకు గురువు. అట్లే, ఆ అంకెలను రైతు చూడగలుగవలెను, అనుమానము కలిగినచో మరల పరీక్షింపుమని అడుగగలుగవలెను. అది లేనప్పుడు ఎంతటి సూక్ష్మమైన పరికరమైనను గదిలో మూసిపెట్టిన త్రాసు వంటిదే.

కంసాలి గీటురాతిపై గీచిన గీత అమ్మువానికిని, కొనువానికిని ఇద్దరికిని కనబడెడిది. దాని గౌరవమంతయు అందులోనే యున్నది. గుంటూరు ఆకాశమున జాన్సెన్ చూచిన గీతలను మరునాడు ఎవ్వరైన చూడగలిగిరి. అందుచేతనే అది శాస్త్రమైనది. నేటి సెన్సారు కంటికి కానరాని కాంతిని చదువుచున్నది. అది చదివిన దానిని చెరకు తోలినవానికిని, మందు మ్రింగువానికిని కనబడునట్లు చేయుట మాత్రము పరికరము పని కాదు, మన పని.