మాట తప్పిన వీరునికి శిక్ష ఎవరు వేయాలి?

ఒట్టు తీసి గట్టున పెట్టడం నిత్యజీవితంలో తేలికే కావచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మాత్రం చాలా ఖరీదైన పని. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు వెలువరించిన ఈ ఆటలో, బల్ల చుట్టూ కూర్చున్న మిత్రులు తలా ఒక పాత్ర ధరిస్తారు. డంజన్ మాస్టర్ అనే నిర్వాహకుడు కథను నడుపుతాడు. సందేహం వచ్చినచోట పాచికలు తీర్పు చెబుతాయి. పాచికలకు లొంగని తగవు ఒకటుంది: వ్రతం పట్టిన పాత్ర మాట తప్పితే ఏమి చేయాలి?

ఆ పాత్ర పేరు పాలడిన్. షార్లమేన్ చక్రవర్తి వీరుల గాథల్లోని ఈ మాట, పోల్ ఆండర్సన్ నవల 'త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్' ప్రభావంతో ఆటలో అడుగుపెట్టింది. 1975 నాటి గ్రేహాక్ అనుబంధంలో పాలడిన్ చేతిస్పర్శతో గాయాలు మాన్పుతాడు, రోగాలు పోగొడతాడు. అందుకు ప్రతిగా నియమం కఠినం: కట్టుబాటు తప్పిన పని ఒక్కటి చేసినా ఆ హోదా పోతుంది, మరి తిరిగి రాదు.

1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తప్పులను రెండుగా విడదీసింది. తెలిసి కట్టుబాటు తప్పితే, ఏడవ స్థాయికి తగ్గని సద్ధర్మపరుడైన పురోహితుని ఎదుట ఒప్పుకొని, ఆయన విధించిన ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. తెలిసి, ఇష్టపూర్వకంగా దుష్కార్యమే చేస్తే మాత్రం శాశ్వతంగా మామూలు యోధుడు కావలసిందే.

చిక్కంతా ఇక్కడే. ఏది దుష్కార్యమో ఎవరు చెప్పాలి? లొంగిపోయిన బందిపోటును చంపితే అధర్మం. వదిలితే రేపు వాడు మరో పల్లె మీద పడతాడు. ఇటువంటి ఇరకాటాన్ని నిర్వాహకుడే పన్ని, ఎటు నడిచినా తప్పే అంటే, నెలల తరబడి పెంచుకున్న పాత్ర ఒక్క మాటతో కూలిపోతుంది. అప్పుడు శిక్ష పడేది పాత్రకు కాదు, ఎదురుగా కూర్చున్న స్నేహితునికి.

1985లో గ్రెగ్ స్టాఫర్డ్ తన పెండ్రాగన్ ఆటలో వేరొక దారి తొక్కాడు. దయ, క్రౌర్యం వంటి గుణాలను జంటలుగా కూర్చి, ప్రతి జంట మొత్తం 20 ఉండేట్లు చేశాడు. ఒకటి పెరిగితే రెండవది తరుగుతుంది. పతనం పిడుగుపాటు కాక, మెల్లగా సాగే మార్పు అయింది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా క్రమంగా మెత్తబడింది. 2000 నాటి మూడవ కూర్పులో భ్రష్టుడైన పాలడిన్ సైతం ప్రాయశ్చిత్తంతో తిరిగి రావచ్చు. 2008 నాటి నాలుగవ కూర్పు శక్తులను లాక్కోవడమే మానివేసి, దారి తప్పినవానిని శిక్షించే పని తోటి భక్తులకు వదిలింది. 2014 నాటి అయిదవ కూర్పులో ప్రతిజ్ఞ పాత్రకే కేంద్రమైంది. తప్పినవాడు రాత్రంతా ప్రార్థనతో జాగారం చేయవచ్చు, ఉపవాసం ఉండవచ్చు. పశ్చాత్తాపమే లేనివానికి 'ఓత్‌బ్రేకర్' అనే చీకటిదారి ఉంది.

ఈ చరిత్ర చదువుతుంటే నాకు కర్ణపర్వం జ్ఞప్తికి వస్తుంది. గాండీవాన్ని మరొకరికి ఇమ్మన్నవానిని చంపుతానన్నది అర్జునుని ప్రతిజ్ఞ. ఆ మాట అన్నవాడు ధర్మరాజు. పెద్దవానిని నువ్వని తూలనాడితే చంపినట్లేనని కృష్ణుడు దారి చూపాడు. ప్రతిజ్ఞా నిలిచింది, అన్నా బ్రతికాడు. మంచి నిర్వాహకుని పని అదే కదా!

పాత్ర కత్తి ఎత్తినప్పుడే "ఇది నీ వ్రతానికి విరుద్ధం, అయినా చేస్తావా?" అని అడగాలి. చేస్తానంటే, ఆ పతనం ఆటగాడు తానై ఎంచుకున్న కథ అవుతుంది. అడగకుండా వేసిన శిక్ష ఉత్త జులుం. యాభై ఏళ్ళలో నియమాలు నేర్చుకున్నది ఈ ఒక్క ప్రశ్ననే అని నా అభిప్రాయం. మీరేమంటారు?